సూది పడినా వినపడే మైకు

ఆ రోజుల్లో మనిషికి గొంతుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వెతుక్కుంటూ వస్తాయని నాకొక గట్టి నమ్మకం ఉండేది. నాకు గొంతుందని చెప్పింది మా అమ్మ. (ఈ విషయంలో అమ్మ సాక్ష్యం చెల్లదని తెలిసే వయసు కాదది, ఇరవై రెండేళ్ళు.) తెలంగాణ ఇంకా రాలేదు, పాటలు ఇంకా సీడీల్లోనే ఉండేవి. గోదావరి పక్క నుంచి వచ్చిన మేము నాచారంలో రెండు గదుల పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. నేను అక్కడి పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో బిల్లులు టైపు చేసేదాన్ని. టైపు చేస్తూ కూనిరాగాలు తీస్తుంటే ఒకరోజు పక్క సీటు అమ్మాయి, "మస్తు పాడుతున్నవ్ గదా అక్కా, మా అన్న సీడీలు తీస్తడు, కలుస్తవా?" అంది. ఆ సాయంత్రమే ఉప్పల్ బస్సెక్కాను.

ఆ అన్నని ఉప్పల్లో అందరూ సీడీల అన్న అనేవారు. ఏటా శివరాత్రికి కీసర గుట్ట దగ్గర అమ్మడానికి ఒక భక్తి పాటల సీడీ వేసేవాడు. నా చేత రెండు చరణాలు పాడించుకుని, టీ తాగి, తీరిగ్గా తీర్పు చెప్పాడు. "గొంతు మంచిగనే ఉంది చెల్లె. కానీ స్టూడియోకు తీస్కపోయే తాకత్ నాకు లేదు. ఇంట్లనే రికార్డు జేసి సోమారం దాకా తీస్కరా. ఆవాజ్ సాఫ్ ఉండాలె. లేకుంటె గా పాట మా మరదలు పాడుతది." ఆ మరదలిని నేను ఎన్నడూ చూడలేదు, అయినా ఆ క్షణం నుంచి ఆమె నాకు ఆగర్భ శత్రువైపోయింది. ఆఫీసులో మాత్రం నా పాట సీడీలో వస్తోందని మర్నాడే అందరికీ చెప్పేశాను. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

పాత కంప్యూటరొకటి ఇంట్లో ఉంది, లేనిది మైకు. మా వీధి చివర షామియానాలు, మైకు సెట్లు అద్దెకిచ్చే పెద్దాయన ఉండేవాడు. ఎవరికీ చుట్టం కాదు, వీధి మొత్తానికీ మామ. సంగతి విని లోపలికెళ్ళి ఒక మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూతి జాలీ సొట్టలు పడి ఉంది, పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. "ఇది మొండిది బిడ్డా. నోటికాడ పెట్టి పాడితెనే ఇంటది, పక్కోల్ల ముచ్చట దీనికి అక్కర్లేదు. పైసలేం వద్దు, తీస్కపో" అన్నాడు. నేను దాన్ని ఒకసారి వాసన చూశాను. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది బావలు దానిలోకి "హలో, హలో" అన్నారో అంతా అందులోనే ఉంది. నాలాంటి కళాకారిణికి ఇదా అనుకుని, "ఆలోచించి చెప్తాను మామా" అని మర్యాదగా తిరిగిచ్చేశాను.

కోఠీలో అద్దాల తలుపున్న ఒక కొట్టుకి వెళ్ళాను. లోపల ఏసీ, బయటి హారన్ ఒక్కటి వినపడదు. కొట్టాయన నా వాలకం చూసే నా జీతమెంతో కనిపెట్టి, "మేడం, పెద్ద మైకులు మీకొద్దు. ఇది వాటి తమ్ముడు. సూది కింద పడ్డా పట్టుకుంటది" అన్నాడు. నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, నిజంగానే ఒక గుండుసూది బల్ల మీద పడేశాడు. అది గుడిగంటలా మోగింది. పండక్కి చీర కొనుక్కుందామని దాచుకున్నదంతా అక్కడే సమర్పించుకుని, వెండిరంగు మైకుని, దానికి కరెంటిచ్చే చిన్న డబ్బాని ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. సూది పడితే పట్టుకునే మైకు, బిందె పడితే ఏం చేస్తుందో నాకప్పుడు తోచలేదు.

మొదటిరోజు అది పట్టుకోనిదంటూ లేదు. ఫ్యాను, కుక్కరు, పక్క పోర్షన్లో సీరియల్ అత్తగారి ఏడుపు, ఇవన్నీ దాటాక ఎక్కడో నేను. కిటికీలకి బొంతలు కట్టాను, ఫ్యాను ఆపేశాను, ఆదివారం కుక్కర్ పెట్టనని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆదివారమే ఎందుకంటే, మా వీధికి రోజు విడిచి రోజు నల్లా (మా వైపు కుళాయి అంటాం) వచ్చేది, ఆ ఆదివారం మా వంతు కాదు. నల్లా వచ్చిందంటే ఆ గోలలో వీధిలో ఇక వేరే ఏ శబ్దమూ వినపడదు. వీధికి నీళ్ళు వదిలే వాల్వు పక్కింట్లో ఉండే నల్లా అత్తమ్మ (అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో) ఒక్క కేక వేసేది. ఆ కేకకి పడుకున్నవాళ్ళు లేచేవాళ్ళు, అన్నం ముందు కూర్చున్నవాళ్ళు చేయి కడుక్కునేవాళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ గుమ్మం బయట కాపలా నిలబడింది. నేను చెమటలు కక్కుతూ పాడాను. ఆ రోజు శివుడు నా మీద దయతలచాడో ఏమో, ఒక్క గమకం కూడా జారలేదు. పాట ముగించి, నా ప్రతిభకి నేనే ముగ్ధురాలినై కళ్ళు మూసుకున్నాను. అంతలో "నల్లా వచ్చిందీ!" అని కేక. వంతు కాని రోజున నీళ్ళు వదిలారు! కంప్యూటరు గింప్యూటరు మరిచిపోయి బిందె కోసం పరుగెత్తాను. డ్రమ్ము నిండాక తిరిగొచ్చి, రికార్డింగు ఆపి, మొదటి చరణం అమ్మకి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. అక్కడితో తృప్తిపడి మొత్తం సీడీలోకి ఎక్కించేశాను.

సోమవారం సాయంత్రం సీడీల అన్న తన పెద్ద స్పీకర్లలో పెట్టాడు. అన్న భార్య, నాకు వదిన, వంట ఆపి వచ్చి కూర్చుంది, పై వాటావాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. పాట అయిపోయింది. అందరూ ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. అప్పుడు స్పీకర్లలోంచి, సూది పడినా పట్టుకునే స్పష్టతతో, "నల్లా వచ్చిందీ!"

వదిన ఎగిరి దూకింది. పై వాటావాళ్ళు బకెట్ల కోసం పరుగు, ఎవరో మోటారు వేశారు, గేటు దగ్గర "మాదే ముందు" అని తగువు కూడా మొదలైంది. లోపల స్పీకర్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. మా అమ్మ గొంతు: "కాస్త మెల్లగా వదినా, లోపల మా అమ్మాయి పాడుతోంది." నల్లా అత్తమ్మ గొంతు: "పాట రేపైనా పాడుకోవచ్చు వదినా, నీళ్ళు రేపొస్తయా?" ఆపైన దబదబ చెప్పుల చప్పుడు, నా గొంతు: "అమ్మా, పెద్ద బిందె ఎక్కడ?"

వదిన ఖాళీ బకెట్‌తో వచ్చి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నాకు ఏడుపొచ్చేసింది, మరదలి పంట పండిందనుకున్నాను. అన్న మాత్రం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "తోక కోసేస్తె సరిపాయె గని చెల్లె, పాట నడుమ ఏందా గలగల? ఎవరో బాసాండ్లు తోముతున్నరు. గంత మంచి మైకు మన ఇండ్లల్ల నడ్వది. బుధారం దాకా టైమిస్తున్న, ఇంకోటి సూడు."

సిగ్గు విడిచి మళ్ళీ వెళ్ళి అడిగితే, మామ వెంటనే మా ఇంటికొచ్చాడు. సొట్టల మైకుని తువ్వాలుతో తుడిచి, తన చిన్న యాంప్లిఫయర్ నుంచి మా కంప్యూటర్లోకి వైరు లాగాడు. ముక్కు బిగబట్టి, మూతి ఆనించి పాడాను. ఆ రోజు నల్లా వచ్చింది, కుక్కర్ కూసింది, సీరియల్ అత్తగారు ఏడ్చింది. మొండి మైకు ఒక్కటీ చెవిన పెట్టలేదు. శివరాత్రికి కీసర గుట్ట దారిలో ఒక కొట్టు ముందు నా పాట మోగుతుంటే, అమ్మ ఆగిపోయి, "ఇది పాడింది మా అమ్మాయే బాబూ" అంది. "అట్లనా" అని అతను ఇంకొకరికి చిల్లరిచ్చాడు. నాకు మాత్రం గుట్ట ఎక్కకుండానే దర్శనమైపోయింది.

ఇప్పుడు చెంగిచెర్ల వైపు అపార్ట్‌మెంట్లో ఉంటున్నాం. వెండిరంగు మైకు బీరువా పైన కవర్లో ఉంది. మొన్న పాత కంప్యూటర్లోని ఫైళ్ళు వెతుకుతుంటే ఆ ఆదివారం రికార్డింగు దొరికింది. అమ్మ పక్కన కూర్చుని వింటూ, "మళ్ళీ ఎప్పుడు పాడతావే?" అంది. "రేపు చూద్దాంలే అమ్మా" అన్నాను. పదేళ్ళుగా అంటున్న మాటే. అంతలో రికార్డింగులోంచి నల్లా అత్తమ్మ అందుకుంది: "నీళ్ళు రేపొస్తయా?" అమ్మ నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను కానీ, చెప్పొద్దూ, ఎక్కడో కలుక్కుమంది. మాకిప్పుడు ట్యాప్ తిప్పితే ఎప్పుడంటే అప్పుడు నీళ్ళు, ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మాత్రం ముందు పాట ముగించి, ఆ తర్వాతే బిందె అందుకుంది.