కరెంటు పోవాలని మొక్కినవాడు

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో కరెంటు మా జిల్లాలోనే పుట్టేది, మా ఇళ్లలో మాత్రం నిలిచేది కాదు. కృష్ణ ఒడ్డున శక్తినగర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు ఎడతెగకుండా పొగ వదులుతుంటే, రాయచూరులో మేము పొద్దుగూకగానే కందిలి అద్దం తుడుచుకుని కూర్చునేవాళ్లం. కరెంటు పోయిందంటే ఊరంతా తిట్టేది. నేనొక్కణ్ణే, అదీ వారానికొక సాయంత్రం, పోవాలని దేవుడికి మొక్కుకునేవాణ్ణి. దానికి కారణం దువ్వెన డాక్టరు.

దువ్వెన డాక్టరూ నేనూ పశువైద్యం కలిసే చదివి, చంద్రబండ దిక్కున ఒకే పశువుల దవాఖానలో కొలువుకు చేరాం. జేబులో దువ్వెన లేకుండా అతను బర్రె దగ్గరికి కూడా పోయేవాడు కాదు (బర్రెకు నీ పాపిడితో పనిలేదని చెప్పి చూశాను, నవ్వి ఇంకోసారి దువ్వుకున్నాడు). ఒకనాడు బెంగళూరు నుంచి టీవీవాళ్లు గాలికుంటు రోగం మీద కార్యక్రమం తీయడానికి వచ్చారు. విషయం నాకు బాగా తెలుసని మొదట నన్నే నిలబెట్టారు. వారమంతా బట్టీపట్టిందాన్ని తడబడకుండా చెప్పాను గానీ, బర్రె ముఖం చూస్తూ చెప్పాను. "సార్, ఇటు కెమెరా చూడండి" అన్నారు. మళ్లీ బర్రెనే చూశాను. ఏం చేయను, రోగం గురించి మాట్లాడేటప్పుడు రోగినే కదా చూస్తాం. చివరికి బర్రె కూడా విసుగొచ్చి ముఖం తిప్పుకుంది. అప్పుడు దువ్వెన డాక్టరు ముందుకొచ్చి, జుట్టు సర్దుకుని, అద్దంలో చూసుకున్నట్టే కెమెరాలోకి చూసి, కన్నడంలో గడగడా చెప్పేశాడు. ఏడాది తిరక్కుండానే కొలువుకు రాజీనామా ఇచ్చి టీవీలో చేరిపోయాడు.

అప్పటినుంచి నాకు ఒకటే కడుపుమంట. రైతులు బర్రెను తోలుకొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "టీవీ డాక్టర్ సాబ్ లేడా?" అని అడిగేవారు. లేడంటే, ఇక చేసేదేముందన్నట్టు తాడు నా చేతికిచ్చేవారు. అదీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది మా అమ్మను. వారం వారం సాయంత్రం వచ్చే అతని కార్యక్రమానికి చాప పరుచుకుని కూర్చునేది. "ఎంత సాఫ్‌గ మాట్లాడ్తున్నడో చూడురా. ఇద్దరు కలిసే చదివిన్రు గదా, నీకేమైంది?" అనేది. మా ఇంట్లో కోడిపిల్ల కూడా లేదు. అయినా పొదుగువాపు గురించి అతను చెబితే చెవులు రిక్కించి వినేది. అదే నేను చెబితే, "బువ్వ తినేకాడ గా ముచ్చట్లేందిరా" అనేది. మరి నేను కరెంటు పోవాలని మొక్కుకోనా? దేవుడు చాలాసార్లు విన్నాడు కూడా.

కొన్నాళ్లకు దువ్వెన డాక్టరు టీవీవాళ్లను వెంటబెట్టుకుని మా దవాఖానకే వచ్చాడు. ఆ రోజు కడుపులో దూడ అడ్డం తిరిగిన బర్రె ఒకటి వచ్చింది. "నువ్వు చేస్తుండు, నేను చెప్తుంట" అని, ఇస్త్రీ నలగకుండా దూరంగా నిలబడ్డాడు. నేను అంగీ విప్పి, భుజందాకా చెయ్యి పెట్టి, చెమటలు కక్కుతూ దూడను తిప్పి బయటికి లాగాను. బతికింది. తోకదెబ్బలు నావి, మాటలు అతనివి. అయినా ఇంటికి పోయి, వచ్చే వారం టీవీలో కనిపిస్తానని అమ్మకు చెప్పాను. అతన్ని చూసి మురిసినట్టు ఒక్కసారి నన్ను చూసి మురవాలి, అంతే నాకు కావలసింది.

"గీ కరెంటును నమ్మరాదు" అని అమ్మ కార్యక్రమం వచ్చే సాయంత్రం ఇంటిల్లిపాదినీ బస్సెక్కించి శక్తినగర్ కాలనీలో పిన్ని ఇంటికి తీసుకుపోయింది. (నా పాత మొక్కులు దేవుడికి ఇంకా గుర్తున్నాయేమోనని నా భయం నాది.) కరెంటు కేంద్రంలో పనిచేసేవాళ్ల కాలనీ అది, అక్కడ కరెంటు పోవడమన్నది లేదు. పిన్ని ఇరుగుపొరుగును కూడా పిలిచి కూర్చోబెట్టింది. కార్యక్రమం మొదలైంది. దువ్వెన డాక్టరు ముఖం, బర్రె వెనకభాగం, మళ్లీ దువ్వెన డాక్టరు ముఖం. నావి అంటూ ఉన్నది ఒక్క చెయ్యి, అందులోనూ సగం బర్రె లోపలే ఉంది. "నువ్వేడున్నవ్‌రా?" అని పిన్ని అడిగింది. ఎన్నడూ మొక్కనంత గట్టిగా మొక్కాను, కరెంటు పొమ్మని. పోలేదు.

అమ్మ లేచి టీవీ దగ్గరికి పోయి అద్దం మీద వేలు పెట్టింది. "ఇగో, గీ చెయ్యి మావోనిది. ఎడమచెయ్యి, చూడున్రి. చిన్నగున్నప్పుడు గీ చేత్తోని బువ్వ తింటడని ఎన్ని దెబ్బలు కొట్టిననో" అంది. దూడ తల బయటికొచ్చేదాకా వేలు తీయలేదు. "నేను కొట్టినా మానకపోవుడే మంచిదైంది. దూడ బతికె" అంది మెల్లగా. దువ్వెన డాక్టరు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అమ్మ వినలేదు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. దువ్వెన డాక్టరు ఇప్పటికీ అప్పుడప్పుడు టీవీలో కనిపిస్తాడు, దువ్వడానికి తల మీద ఏమీ మిగల్లేదు (ఈ వయసులో అబద్ధమెందుకు, నాకది ఎంతో తృప్తి). ఇప్పుడు కరెంటు కూడా బుద్ధిగా ఉంటోంది. అందుకే అతను నోరు తెరవగానే నా ఎడమచెయ్యి దానంతట అదే టీవీ స్విచ్చి దాకా పోతుంది. అమ్మ ఉంటే ఆ చేతి మీద ఒక్కటి వేసేది.