ఊరి లాయర్లందరికీ ఒకే కక్షిదారు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసి కోర్టులు మళ్లీ మామూలుగా నడవసాగిన ఏడాది నేను ధర్మవరం జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ప్రాక్టీసంటే ఇదీ అని చెప్పడానికి లేదు. పొద్దున చీరల వ్యాపారి చెల్లని చెక్కు, మధ్యాహ్నం రామగిరి అన్నదమ్ముల భాగపరిష్కారం, సాయంత్రం మేకల దొంగకు బెయిలు. నగరాల్లో ఒక్కో చట్టానికి ఒక్కో లాయరు ఉంటాడట. మా ఊళ్లో అన్ని చట్టాలకూ మేమే. అందరం కలిసినా బార్ అసోసియేషన్ గదిలో ఇమిడిపోయేవాళ్లం.

ఒకరోజు శేషగిరి అనే రిటైర్డు ఇంజనీరు నా ఆఫీసుకొచ్చారు. నగరంలో ఉద్యోగం ముగించుకుని, స్థలం చవగ్గా వస్తోందని మా నేతగాళ్ల వీధిలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్న మనిషి. "మీలా ఓపిగ్గా వినే లాయరు ధర్మవరంలో ఇంకొకరు లేరని చెప్పారమ్మా" అన్నారు. అంత మాట అన్నాక వినక తప్పుతుందా? పక్కింటి మగ్గాల చప్పుడు ఆపించాలన్నది ఆయన కోరిక. తర్వాత కోర్టుకెక్కిన సంగతి గనక ఇంతవరకు చెప్పవచ్చు. మిగతా మాటలు ఇప్పటికీ బయటపెట్టకూడదు. దాచదగ్గ విశేషం అందులో ఏదీ లేదని మాత్రం చెప్పగలను. దావా ఎలా వెయ్యాలో సలహా ఇచ్చాను. ఫీజు ఇచ్చి, ఆలోచించుకుని వస్తానని వెళ్లారు. మళ్లీ రాలేదు.

కొన్ని వారాల తర్వాత నాగలక్ష్మమ్మ కోర్టు సమన్లు పట్టుకుని వచ్చింది. ఆమే ఆ పక్కింటి మనిషి. భార్యాభర్తలిద్దరూ రెండు మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. అంతకుముందు ఆమె తమ్ముడి కేసు నేనే నడిపాను. ఇంజనీరుగారు శాశ్వత నిషేధపు దావా వేశారు. దాంతోపాటు, తీర్పు వచ్చేదాకా మగ్గాలు ఆడకుండా తాత్కాలిక ఉత్తర్వు కావాలని ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, పెట్టారు. వాయిదా రోజున ప్రతివాది తరఫున ఎవరూ వకాలతు వెయ్యకపోతే ఏకపక్షంగా ఉత్తర్వు వచ్చేస్తుంది.

దావా విషయంలో ఒక పక్షానికి సలహా ఇచ్చిన లాయరు అదే దావాలో రెండో పక్షాన నిలబడకూడదు. ఇది బార్ కౌన్సిల్ నియమం. ఎందుకు నిలబడడంలేదో చెబితే మొదటి మనిషి గుట్టు విప్పినట్టవుతుంది. అందుకని ఈ కేసు తీసుకోలేనమ్మా అని మాత్రం అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. "మీరూ అదే మాటేనా లాయరమ్మా? నాలుగు ఆఫీసులు తిరిగొచ్చినా. అందురూ తలకాయ అడ్డంగా ఊపేవాళ్లే. ఉచిత న్యాయసహాయం కింద ఇచ్చిన లాయరు గూడా ఇంజనీరు పేరు సూసి కాగితం ఎనక్కిచ్చె. ఊర్లో లాయర్లందురూ అమ్ముడుపోయినారా? మగ్గం నిలబడితే మేము యాడికి పోవల్ల?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పే అధికారం లేదు. చట్టం చదివినందుకు దక్కే సౌకర్యాల్లో ఇదొకటి.

మర్నాడు బార్ గదిలో టీ తాగుతుండగా మా సీనియర్ ఒకాయన, ధర్మవరంలో లా తెలిసినవాడు తానొక్కడేనని ఒక ఇంజనీరు వెతుక్కుంటూ వచ్చాడని గొప్పగా చెప్పాడు. ఎదురుగా కూర్చున్నాయన గ్లాసు కింద పెట్టి, "ఆ మాట నాకూ చెప్పినాడే" అన్నాడు. కిటికీ దగ్గరున్నాయన దగ్గాడు. క్రిమినల్ కేసులు తప్ప ఇంకేమీ ముట్టని ఆయన సివిల్ పాండిత్యాన్ని కూడా ఇంజనీరుగారు పొగిడివెళ్లారట. నా ఓపిక సంగతి నేను ఎత్తలేదు. ఒక లాయరుకు వకాలతు ఇచ్చి, మిగిలినవాళ్లకు తలా ఒక పొగడ్త ఇచ్చి, ఎదుటివాళ్లకు ఎవరూ దొరక్కుండా చేశాడాయన. నియమాలు మేము చదివాము, వాడుకోవడం ఆయనకు తెలిసింది. కాసేపు అందరమూ టీ చల్లారిందని విసుక్కున్నాము.

ఇంజనీరుగారి లెక్కలో బస్సు లేదు. పెనుకొండలో ఖాదర్ బాషా అని నా సహాధ్యాయి ప్రాక్టీసు చేసేవాడు. ఒక మనిషిని పంపుతున్నాను, కారణం అడగొద్దని ఫోన్ చేశాను. "అడిగితే మాత్రం నువ్వు చెప్తావా శారదమ్మా? పంపీ" అన్నాడు. నాగలక్ష్మమ్మను పిలిపించి అతని పేరూ ఊరూ చెప్పాను. నమ్మినట్టు లేదు గానీ, బస్సెక్కి పోయింది.

వాయిదా రోజు ఖాదర్ వకాలతు, దరఖాస్తుకు జవాబుగా కౌంటరు రెండూ దాఖలు చేశాడు. మగ్గాలు ముందా ఇల్లు ముందా అన్నదొక్కటే దావాను తేల్చదని అతనికి తెలుసు. తాత్కాలిక ఉత్తర్వుకు మాత్రం ఎవరికి నష్టం ఎక్కువన్నది చూడాలి. చప్పుడు సాగితే ఆయన కిటికీ మూసుకోవాలి, ఆగితే వీళ్లు పొయ్యి ఆర్పుకోవాలి అని వాదించాడు. స్థలం కొనేముందు వాది చూసుకోలేదా అని జడ్జిగారు అడిగారు. లాయరు నోరు తెరిచేలోగా ఇంజనీరుగారే లేచారు.

"చూశాను సార్! నేను చూడటానికి వచ్చినరోజు వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడలేదు. నన్ను మోసం చేశారు!"

వెనక బెంచీలోంచి నాగలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "అమాస దినం వచ్చింటాడు సార్! అమాసకు మేము మగ్గం ముట్టము. బ్రోకరు దినం సూసే తోలుకొచ్చింటాడు."

జవాను 'సైలెన్స్' అని అరిచాడు గానీ వాడూ నవ్వుతున్నాడు. ఐఏ కొట్టేశారు.

ఇంజనీరుగారికి తన లాయరు మీద కోపమొచ్చి, మరొకరికి ఇద్దామని మళ్లీ మా ఆఫీసులన్నీ తిరిగారు. ఆయన పక్షాన నిలబడటానికి మాకు ఏ నియమమూ అడ్డులేదు. అయినా బార్ మొత్తానికి ఒకేసారి పని ఒత్తిడి ఎక్కువైంది. ఆయన హిందూపురం నుంచి ఒక లాయరును తెచ్చుకున్నారు. ప్రతి వాయిదాకూ ఆ ఖర్చు భరించలేక రావడం మానేస్తే, వాది గైర్హాజరని దావా డిస్మిస్ అయింది.

నాగలక్ష్మమ్మ ఆ తర్వాత ఏ కేసుకూ నా దగ్గరికి రాలేదు. బజారులో కనిపిస్తే "బాగుండావా లాయరమ్మా" అని ఆగకుండా వెళ్లిపోతుంది. ఆరోజు నేను అమ్ముడుపోయానని ఆమె లెక్క. కాదని చెప్పే హక్కు నాకు ఈనాటికీ రాలేదు.

చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టే జూనియర్లకు నేను చెప్పేది ఒకటే. మనిషి గడపలో ఉండగానే, కూర్చోమనకముందే, ఎదుటిపక్షం ఎవరో అడగండి. మిమ్మల్ని పొగడటం మొదలుపెడితే ఇంకా తొందరగా అడగండి.