చాయ్ కప్పులో చిమ్మట

ఆ మధ్యాహ్నం బురైదా నుంచి రియాద్ వెళ్లే బస్సులో కూర్చున్నానే గాని, కాలు ఊపుతూనే ఉన్నాను. పక్కన జగిత్యాల వైపు మనిషి. చేతిలో కాగితపు చాయ్ కప్పు, దానికి మూతగా అరచెయ్యి.

"తమ్మీ, కాలు ఊపకు. ఇది బెదురుతది" అన్నాడు.

వేళ్లు కాస్త ఎడం చేసి చూపించాడు. లోపల ఇసుకరంగు చిమ్మట, రెక్కల మీద సన్నటి వెండి గీతలు.

"ఖర్జూర తోటల పురుగులు సంపుడే నా పని. ఇది జిగురు అట్టకు కాలు అంటుకొని కొట్టుకుంటుంటె నూనె సుక్కతోని ఊడదీసిన. ఇసొంటిది మా ఇంజినీరు సుత ఎన్నడు సూడలేదట. అట్టలు లేని జాగల ఇడిసిపెడ్త."

చెక్‌పోస్టులో పోలీసు ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, అడిగాడు. ఆయన కప్పు నా చేతికిచ్చి కార్డు తీశాడు. గడువు ఎప్పుడో దాటింది. పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, రెన్యువల్ చేయించలేదని వచ్చీరాని అరబీలో చెప్పుకున్నాడు. పోలీసు దిగమన్నాడు.

"జర పట్టుకో, వస్త" అన్నాడు నాతో.

బస్సు ఆయన కోసం ఆగలేదు. గంటసేపు నా కాలు కదల్లేదు. అరచేతికి రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

పెట్రోలు బంకు దగ్గర దిగి చెయ్యి తీశాను. అది ఎటు ఎగిరిందో చూడలేదు. నేను వెనక్కి, వచ్చిన రోడ్డు వైపే చూస్తున్నాను.