వంగే బంతి వస్తోంది, వదినా

ఆటర్స్ జట్టు ఓడిన ప్రతి ఆదివారమూ తప్పు ఎవరిదో బాలనాగమ్మకు తెలుసు. ఒక వారం కోచ్‌ది. కొట్టగలిగినవాళ్ళను చివర్లో పంపి, నిలబడ్డం కూడా రానివాళ్ళను ముందు పంపాడు. ఇంకో వారం కొత్తగా పెళ్ళయిన ఫీల్డర్‌ది. చేతిలో పడిన బంతిని పెళ్ళాం వైపు చూస్తూ వదిలేశాడు. ఈమధ్య మాత్రం అన్ని వారాలూ బంతి వేసే పిచ్చర్ జున్ వేదే తప్పు. "వాడి భుజం అయిపోయింది, బంతి వేయడానికి ఇంకొకణ్ణి చూసుకో" అని కోచ్‌కు మొహం మీదే చెప్పేసింది. కోచ్ కూడా ఆలోచనలో పడ్డాడు.

బిషాన్‌లో ఫ్లాట్ల కింద ఆమెది చిన్న కుట్టుకొట్టు. తాతల నాడు కోస్తా నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చిన కుటుంబం. ఆమె పుట్టిందీ పెరిగిందీ, మొగుణ్ణి సాగనంపిందీ ఇక్కడే. బళ్ళో ఉండగా సాఫ్ట్‌బాల్ ఆడేది. చదువు ఆగినప్పుడు ఆటా ఆగింది. బోలెడేళ్ళ తర్వాత ఎవరో కుర్రాళ్ళు మూటెడు చొక్కాలు తెచ్చి, వీపుల మీద అంకెలు కుట్టమన్నారు. బేస్‌బాల్ జట్టట, పేరు బిషాన్ ఆటర్స్. కాలవలో తిరిగే నీటికుక్కల పేరు పెట్టుకున్నారు. అంకెలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూద్దామని ఆ ఆదివారం మైదానానికి వెళ్ళింది. ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ మానలేదు. బ్యాటర్ వెనక తీగ కంచె, దాన్ని ఆనుకుని ఒక బెంచీ. పొద్దున్నే వెళ్ళి టిష్యూ పొట్లం పెట్టి, ఆ చోటు తనదేనని చోప్ చేసుకుంటుంది. ఆ పొట్లాన్ని ఎవరూ కదపరు.

ఈ ఏడాది ఆమె పక్కన వదిన సూర్యకుమారి కూడా కూర్చుంటోంది. మొగుడి అక్క. మోకాలి ఆపరేషన్ అయ్యాక వచ్చి బాలనాగమ్మ దగ్గరే ఉంది. ఆట గురించి ఆవిడకు ఓనమాలు కూడా తెలియవు. మొదటి రోజున బాలనాగమ్మే కూర్చోబెట్టి చెప్పింది.

"మూడుసార్లు తప్పితే వాడు అవుటు, వదినా. మన జున్ వే రెండు రకాలు వేస్తాడు. ఒకటి సూటిగా దూసుకుపోద్ది. ఇంకోటి వస్తా వస్తా బ్యాటు ముందర కిందికి వంగిపోద్ది."

"ఏదొస్తుందో కొట్టేవాడికెట్టా తెలుస్తుందే?"

"తెలీదు. అదే కదా ఆట! నాకు తెలుసులే. అదుగో, ఎడం పక్క చొక్కా చెయ్యి పట్టుకు లాగాడా, ఇక వంగే బంతే."

జున్ వే లాగాడు. బంతి వంగింది. సూర్యకుమారి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి ప్రతి బంతికీ ముందు "ఇప్పుడేది నాగూ?" అని ఆవిడ అడగడం, "వంగే బంతి వస్తోంది, వదినా" అని ఈమె చెప్పడం. ఆవిడకు చెవులు కాస్త మందం. గట్టిగా చెప్పాలి.

గట్టిగా చెప్పడానికి బాలనాగమ్మకు భయమేమీ లేదు. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళ జుట్టునీ, చెప్పుల్నీ, కాపురాల్నీ వదినా మరదళ్ళిద్దరూ తెలుగులో తీరిగ్గా ఉతికి ఆరేస్తారు. ఒక్కరూ తల తిప్పి చూసింది లేదు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు, నిజమే. వాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు, సెలవొస్తే క్రికెట్ ఆడతారు. బేస్‌బాల్ దగ్గర వాళ్ళకేం పని?

లీగులో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు తన చోటు కొత్త జట్టుకు వదిలేయాలి. పోయినేడు పైనున్న ఆటర్స్ ఈ ఏడు అట్టడుగుకు జారారు. ఇక ఒక్క ఆటే మిగిలింది, పాయా లేబర్ కైట్స్‌తో. గెలిస్తే ఉంటారు, ఓడితే బాలనాగమ్మకు ఆదివారమే ఉండదు. ఆ కైట్స్ చేతిలో ఈ ఏడాది గెలిచిందే లేదు. వాళ్ళ ఏడో నంబరు చొక్కా చామనచాయ కుర్రాడొకడు, తమిళబ్బాయి అనుకుంది, జున్ వే వంగే బంతి కోసం కాచుకుని కూర్చున్నట్టు కొట్టేవాడు. ఆఖరి ఆటకు ముందు వారం కూడా అలాగే కొట్టి ఓడించాడు.

ఆ ఆట అయిన మధ్యాహ్నం వదినా మరదళ్ళు తిండికొట్ల హాకర్ సెంటర్‌లో మీ గొరెంగ్ నూడుల్స్ తింటున్నారు. ఆ ఏడో నంబరే చెరకురసం గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నమస్తే ఆంటీ. ఇక్కడ కూర్చోవచ్చాండీ?"

బాలనాగమ్మ చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. "నువ్వు... తెలుగువాడివా?"

"కాకినాడండి. పేరు ఉదయ్‌కిరణ్. మా ఆఫీసులో జపానాయనొకరు ఈ ఆటకి లాక్కొచ్చారు. మీకో థ్యాంక్స్ చెబుదామని, ఆంటీ."

"నాకెందుకు?"

"అదేంటండీ! ఇది వంగే బంతి, ఇది సూటి బంతి అని అంతా మీరే కదా చెప్పింది. మొదట్లో విననట్టు ఉందామనుకున్నాను. రెండు చేతులా బ్యాటు పట్టుకుని చెవులెలా మూసుకుంటానండీ?" అతను హాయిగా నవ్వాడు. "మా వాళ్ళకి చెప్పలేదు లెండి. నన్ను పెద్ద మొనగాణ్ణనుకుంటున్నారు."

"ఏమంటున్నాడే?" అంది సూర్యకుమారి.

బాలనాగమ్మ చెవుల్లో కుట్టుమిషన్ ఖాళీగా తిరుగుతున్నట్టు ఒకటే రొద. అతను ఎప్పుడు వెళ్ళాడో, తను పళ్ళెం ఎక్కడ వదిలేసిందో ఆమెకు తెలియలేదు. ఇంటికి వచ్చి మంచం అంచున కూర్చుంది. కోచ్ కాదు. పెళ్ళికొడుకు కాదు. జున్ వే భుజానికి ఏ రోగమూ లేదు. మిగతా ఓటముల సంగతెలా ఉన్నా, కైట్స్ చేతిలో ఓడినవన్నీ తను ఓడించినవే. పైగా ఆ పిల్లాణ్ణే తీసేయమంది!

మర్నాడు జున్ వేకు ఫోన్ చేసి, చొక్కా పట్టుకుని కొట్టుకు రమ్మంది. వచ్చీరాని ఇంగ్లీషులో, కళ్ళెత్తకుండా అంతా చెప్పింది.

"అలమాక్!" జున్ వే స్టూలు మీద కూలబడ్డాడు. "ఆంటీ, సో మెనీ ఇయర్స్ యూ నో, యూ నెవర్ టెల్ మీ, లా!"

తన చెయ్యి ఏం చేస్తోందో అతనికి తెలియదన్న సంగతి ఆమెకు ఎన్నడూ తట్టలేదు. ఇక మానుకోమంది. బళ్ళోనాటి అలవాటు, చెయ్యి దానంతటదే పోతుందన్నాడతను. బాలనాగమ్మ లేచింది. కత్తెర తీసి చొక్కా చేతులు రెండూ భుజం దగ్గరికి కోసేసింది. అంచు మడిచి కుట్టి అతని ఒడిలో పడేసింది.

"వారమంతా దీంతోనే వెయ్యి. గుడ్డ తగలకపోతే చెయ్యి పోయిందని నీకే తెలుస్తుంది. ఇక ఏ బంతి వేసినా చెయ్యి అక్కడికే పోనీ, సూటిదైనా సరే."

ఆఖరి ఆదివారం బాలనాగమ్మ ఒక్క బంతి సంగతీ బయటపెట్టలేదు.

"ఇప్పుడేది నాగూ?"

"తెలీదు వదినా."

"అదేమిటే, అన్నీ తెలుసన్నావుగా!"

ఆట చివరికొచ్చింది. ఆటర్స్ ఒక్క పరుగు ముందున్నారు. ఇంకొక్కడు అవుటైతే అయిపోతుంది. అప్పుడు బ్యాటు పట్టుకుని వచ్చినవాడు ఏడో నంబరు. నిలబడుతూ, కంచె వైపు చెవి కాస్త వంచాడు. బాలనాగమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

ఒకటి తప్పాడు. రెండోదీ తప్పాడు. జున్ వే చెయ్యి ఎడమ భుజం దాకా పోయి, బోసి చర్మం తగిలి వెనక్కి వచ్చింది. రెండుసార్లూ అంతే. మూడోసారీ అంతే. ఏది వేస్తాడు? ఆమె అతని కాళ్ళు చూసింది, టోపీ చూసింది. ఏమీ తెలియలేదు. ఇన్నేళ్ళూ కంచె వెనక రాణిలా కూర్చున్న మనిషి బెంచీ అంచుకు జరిగి కంచె పట్టుకుంది.

బంతి సూటిగా వచ్చింది. సూటిగానే వస్తోంది. బ్యాటు ముందర ఎవరో కింది నుంచి లాగినట్టు మునిగిపోయింది. ఉదయ్‌కిరణ్ బ్యాటు గాలిని కొట్టింది.

ఆటర్స్ అంతా జున్ వే మీద పడ్డారు. బాలనాగమ్మ మాత్రం లేవలేదు, అరవలేదు. కొట్టేవాడికి ఆ బంతి ఇలా కనిపిస్తుందా అని చేష్టలుడిగి చూస్తోంది.

హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని ఉదయ్‌కిరణ్ కంచె దగ్గరికి వచ్చాడు. "ఏంటాంటీ, ఇవాళ ఒక్క మాటా లేదు?"

"గొంతు పట్టేసింది నాయనా."

"అయ్యో. వేణ్ణీళ్ళు తాగండి."

సూర్యకుమారికి ఈసారి మాత్రం అంతా స్పష్టంగా వినిపించింది. "గొంతేమిటబ్బాయ్! కత్తెర! వాడి చొక్కా చేతులు కత్తిరించి పారేసింది. అది పట్టుకు లాగితేనే గదా దీనికి తెలిసేది!"

"ఊరుకో వదినా" అనేసరికే ఆలస్యమైపోయింది.

ఉదయ్‌కిరణ్ మైదానం మధ్యకు తిరిగి, జున్ వే బోసి భుజాల వైపు చూశాడు. చేతిలోంచి హెల్మెట్ జారి దొర్లిపోయింది.

బాలనాగమ్మ తలెత్తి చుట్టూ ఉన్న బెంచీలన్నీ ఒక్కొక్కటే చూడసాగింది. ఇంకా ఎవరికైనా తెలుగొచ్చేమో.