రాజక్క చేతుల్లో వణికిన కారు

కొత్తవాడ సందుల్లోకి రాజక్క కారు వస్తోందంటే ముందు కోళ్లు తప్పుకుంటాయి, తర్వాత మనుషులు. ఆమె హారన్ కొట్టడం తక్కువ, నోరే సరిపోతుంది. ఒకప్పుడు మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి. మూటలతో ఆటో ఎక్కబోతే డ్రైవర్ “నువ్వుంటవా, మూటలుంటయా?” అన్నాడని పంతం పట్టి, తల నెరిశాక డ్రైవింగ్ నేర్చుకుంది. అప్పటి నుంచి హనుమకొండ దుకాణాలకు సరుకు తనే తీసుకెళ్తుంది. రివర్స్ మాత్రం ఇప్పటికీ సరిగ్గా రాదు. మనుమలు నవ్వితే, “ఎనుకకు పోయేటోళ్లు నేర్చుకోవాలె, నాకెందుకు?” అంటుంది.

అలాంటి రాజక్క చేతుల్లో ఈమధ్య స్టీరింగ్ వణకడం మొదలైంది. పక్కన కూర్చున్న కొడుకు చంద్రమౌళి కారును అనుమానించలేదు. ఆమె వేళ్ల వంక చూశాడు. చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ వేళ్లు సన్నగా వణకడం ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటికి రాగానే తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

“ఇగ చాలు అవ్వా. చేతులు వణుకుతానయ్. రేపు దవాఖానకు పోదాం.”

“వణికేది కారు రా. దాన్ని తీస్కపో.”

“టైర్లు మొన్ననే బ్యాలెన్సింగ్ చేపిచ్చిన. కారుకేం కాలే.”

రాజక్క అలిగి అన్నం మానేసింది. చాయ్ మాత్రం మానలేదు. పొద్దున్నే మెకానిక్ చాంద్ పాషాను వెంటబెట్టుకొచ్చి కొడుకు ముందు చెయ్యి చాపింది.

“ఒక్కపారి తాళం ఇయ్యి. వణుకు నాదే అని తేలితే నువ్వే ఉంచుకో.”

ముగ్గురూ స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డెక్కారు. రాజక్క యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. స్టీరింగ్ గజగజలాడింది.

“సూడు పాషన్నా, చేతులు సూడు,” అన్నాడు చంద్రమౌళి వెనక నుంచి.

ఆమె కాలు తీసింది. కారు నిమ్మళంగా సాగింది. మళ్లీ తొక్కింది, మళ్లీ వణుకు.

“కాలు తీస్తె చేతి వణుకు ఎట్ల ఆగుతది రా? నా చేతులకూ ఆ పెడల్‌కూ వైరు కలిపి పెట్టిన్నా?”

చాంద్ పాషా నవ్వాడు. “టైరు పాడైతే కాలు తీసినా ఊగేది మౌళీ. ఇంజన్ గుంజినప్పుడే ఊగుతాంది. చక్రాన్ని తిప్పే యాక్సిల్ ఉంటది సూడు, దాని జాయింటు పోయినట్టుంది.”

షెడ్డులో జాకీతో కారు ఎత్తి కిందికి దూరిన చాంద్ పాషా గ్రీజుతో నల్లబడ్డ తాడు ముక్కతో బయటికొచ్చాడు. అది యాక్సిల్‌కు చుట్టుకుని, జాయింటు మీది రబ్బరు తొడుగును కోసేసింది. గ్రీజంతా కారిపోయి జాయింటు అరిగింది. తాడు కొసకు మూటలు కట్టే ముడి ఒకటి ఉంది. అలా వేసేది కొత్తవాడ మొత్తంలో ఒక్కరే. కారు పైన మూటలు కట్టాక మిగిలిన తాడు కోసెయ్యమంటే, మళ్లీ పనికొస్తుందని వేలాడదీసేది కూడా ఆ ఒక్కరే.

“ఈ ముడి ఎవలదవ్వా?” అన్నాడు చంద్రమౌళి, దొంగ దొరికినట్టు.

రాజక్క ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాదే. ఊడిందా? తాడు తెగింది గని ముడి ఊడలే. వణుకు మాత్రం కారుదే.”

కొత్త యాక్సిల్ పడ్డాక చంద్రమౌళి తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ చేతిలో తాళాల గుత్తి సన్నగా గలగలలాడింది. ఇద్దరూ విన్నారు.

“సూస్తానవేంది?” అంటూ రాజక్క సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకుంది. “దవాఖానకు పోదామన్నవ్ గదా, పోదాం. నేనే తీస్కపోత. ముందర మూటలున్నయ్, నువ్వు ఎనుక కూసో.”