పులుసు గిన్నెలో జాతీయాదాయం

పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం దగ్గరి లంబాలైన్ పేటలో ఉండే భూషణం గారికి ఒకటే జబ్బు. ఎక్కడ ఏ పని జరిగినా, దానివల్ల దేశం స్థూల జాతీయాదాయం పెరిగిందా లేదా అని తేల్చుకోనిదే ఆయనకు ముద్ద దిగదు. ఇలాంటి మనిషి ఢిల్లీలో కూడా లేడు. ఉన్నాడంటారా, పోర్ట్‌బ్లెయిర్ తీసుకురండి, పక్కపక్కన నిలబెట్టి చూద్దాం!

గణాంక శాఖలో రిటైరయ్యాక జబ్బు ముదిరింది. ఇంటి మీదుగా టూరిస్టుల విమానం దిగితే చాలు, వరండాలోకి ఉరికి, “అదిగో సీతా, ఆదాయం దిగుతోంది!” అని కేక పెట్టేవారు. ఆ కేకకు జడిసి రెండు విమానాలు తిరిగి చెన్నై వెళ్లిపోయాయని మా వైపు చెప్పుకుంటారు. ఎదురింటి కన్నబాబు పరదేశపు ఓడలో వంటవాడిగా చేరితే, ఏడుస్తున్న తల్లిని ఓదార్చిందీ ఆయనే. “రోనా మత్, దీదీ! వాడు ఏ సముద్రంలో ఉల్లిపాయ తరిగినా, జీతం మన దేశం లెక్కలోనే పడుతుంది.”

భార్య సీతారత్నానికి ఈ గోల వింటే ఒళ్లుమంట.

“మరి ఇన్నేళ్లుగా నేను వండుతున్నానే, అది?”

“ఇంటి వంట లెక్కలోకి రాదు సీతా. రూలు నేను పెట్టలేదు.”

ఆ పూట ఆయనకు వట్టి మజ్జిగన్నమే దొరికింది.

పక్కింటి నూకరత్నం భర్త చేపల వేటకు వెళ్లేవాడు. అతను పోయాక ఆమె చుట్టాలు పంపే బియ్యంతో గడుపుతూ, ఊరికే తింటున్నానన్న మొహమాటానికి వీధంతటికీ చేపల పులుసు వండి పెట్టేది. ఓ పొద్దున వచ్చి, “ఒకుల బియ్యం తిని ఎన్నాళ్లు బతకమంటావమ్మా? ఊరెల్లి ఏదో పని సూసుకుంటాను. వైజాగ్ ఓడకి టికెట్ తీసీసాను” అంది.

సీతారత్నానికి కళ్లు చెమర్చాయి. భూషణం గారికి ఎర్రబడ్డాయి.

“ఇంత పులుసూ ఊరికే పంచావా? ఒక్క గిన్నె కూడా జాతీయాదాయంలో పడలేదా?”

వెళ్లి వీధి మధ్య నిలబడ్డారు. “సునో భయ్యా! రేపటి నుంచి ఈ పులుసు ఊరికే తిన్నవాడు దేశాన్ని ముంచినవాడే!”

“ప్రేమగా పెట్టిన కూరకి వెల కడతారా? పరువు తీశారు!” అంటూ సీతారత్నం ఆయన్ను రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

ఆయన నోటికి దడిసి వీధి డబ్బిచ్చింది. తర్వాత రుచికి లొంగి ఇచ్చింది. ఎయిర్‌పోర్టు వాళ్లూ క్యారియర్లు పంపడం మొదలెట్టారు. టికెట్ మొదట వాయిదా పడింది, ఆనక రద్దయింది.

ఏడాది తిరిగాక నూకరత్నం నవ్వుతూ వచ్చింది. “బాబూ, నా ఆదాయం పెరిగిపోనాది!”

“ధర పెంచావు కదా, అది పెరుగుదల కాదు. నిరుటి ధరకే కట్టి చూడాలి. గిన్నెలు పెరిగాయా?”

“రెట్టింపు, బాబూ!”

“శభాష్! అదీ పెరుగుదలంటే!” భూషణం గారు ఛాతీ విరుచుకుని వీధంతా మిఠాయి పంచారు. కొని మరీ పంచారు.

ఆ సాయంత్రం ఆమె ఓ పెద్ద గిన్నె తెచ్చింది. సీతారత్నం పర్సు తీయబోతే చెయ్యి పట్టేసుకుంది. “ఇది అమ్మకానికి కాదమ్మా. బాబు కోసరం వండినాను.”

ఇక ఆయన కేకకు వీధి దద్దరిల్లడం ఖాయమని సీతారత్నం చెవులు మూసుకుంది. భూషణం గారు మూత తీసి, వాసన చూసి, నిమ్మళంగా ఓ ముక్క నోట్లో వేసుకున్నారు.

“ఏమండీ, ఊరికే తింటున్నారు! దేశం ఏమైపోను?”

“చాలా పెద్ద దేశం సీతా. ఒక గిన్నెకి ఏమీ అనుకోదు.”

“మరి ఆ రోజు అంత రాద్ధాంతం చేశారే?”

“ఆ రోజు ఆమె చేతిలో ఓడ టికెట్ ఉంది.” ఆయన కంచం ముందుకు జరిపారు. “లెక్కలోకి రాని నీ అన్నం కూడా కాస్త పెట్టు. రెండూ కలుపుకుంటాను.”