ఒక్క మనిషికి ఆరుగురు

డెబ్బైలలో మాట. నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. తాగుడు మానేసి అప్పటికి మూడో రోజు. ఒళ్ళంతా వణుకు, జ్వరం. మంచం నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది.

తాగుడు మానినవాళ్ళ సంఘాలు బెజవాడ, చల్లపల్లి, మైలవరాల్లో ఉండేవి. మూడింటికీ ఒకటే నియమం: ఎవరింటి నుంచి కార్డు వచ్చినా ఇద్దరు వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చోవాలి. నా భార్య కంగారులో మూడు చోట్లకీ కార్డు రాసేసింది.

ఆ రోజు పొద్దెక్కినా కాలవ మీది మంచు విడలేదు. కళ్ళు తెరిస్తే వరండాలో తెల్లబట్టలవాళ్ళు ఆరుగురు, నా నిద్ర చెడుతుందని కాబోలు, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. మెట్ల మీద చెప్పుల వరస. గుమ్మంలో ఇరుగుపొరుగు. నేను చచ్చిపోయాననుకున్నాను. భయం వేయలేదు. నా కోసం ఇంతమంది వచ్చారా అని ఆశ్చర్యపోయాను.

ఎదురింటి మరియమ్మగారు కళ్ళొత్తుకుంటూ, "ఎప్పుడు పోయారమ్మా?" అని అడిగారు.

"పోలేదండీ, మానేశారు" అంటూ నా భార్య భోరుమంది.

ఆరుగురిలో పెద్దాయన లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకూ ఇలాగే వణికిందండీ. కాస్త మజ్జిగ తాగండి" అన్నాడు.

ఏడాది తిరిగాక మూడు సంఘాలూ కలిసి ఒక కమిటీ వేసి, ఎవరింటికి ఎవరు వెళ్ళాలో చూసే పని నాకిచ్చాయి. "ఇకమీదట ఒక్కింటికి ఆరుగురు పోకుండా చూడండి" అన్నారు. సరేనన్నాను. కానీ ఏ ఇంటి నుంచి కార్డు వచ్చినా, మూడు ఊళ్ళకీ కబురు పెట్టేవాణ్ణి.